అమెరికా అంతర్యుద్ధం ఫొటోల్లో యుద్ధం ఏది?

కృష్ణలంక కుర్రాడు:
అమెరికా జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో అంతర్యుద్ధం (1861–65) ఫొటోలు చూస్తున్నా. యాంటీటం, గెటిస్‌బర్గ్ యుద్ధభూములు... ఎక్కడ చూసినా ఉబ్బిన శవాలు, విరిగిన కంచెలు, చచ్చిన గుర్రాలు. కొట్టుకుంటున్న ఫొటో ఒక్కటీ కనపడలేదు. ఫొటోగ్రాఫర్లు భయపడి అంతా అయ్యాక వెళ్లేవాళ్లా?

పాత స్టూడియో:
భయం సంగతి పక్కన పెట్టు తమ్ముడూ, ముందు ఆ పని ఎలా ఉండేదో చూడు. నాదీ డార్క్‌రూమ్ బతుకే, హైపో (ఫొటోలు కడిగే రసాయనం) వాసన ఇంకా ముక్కులోంచి పోలేదు. అయినా వాళ్ల పాట్లు నేను పడలేదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, నాలుగు మూలలకీ పారేలా వంచి, మిగిలింది సీసాలోకి ఒంపి, చీకట్లో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. ఆ తడి ఆరకముందే ఫొటో తీసి, మళ్లీ చీకట్లోకి పరిగెత్తి డెవలప్ చెయ్యాలి. ఆరిందా, పలక గోవిందా. పైగా ఎక్స్‌పోజర్ కొన్ని సెకన్లు. పరిగెత్తే సిపాయి అందులో ఏం పడతాడు? అందుకే శవాలూ, ఫిరంగులూ, పోజిచ్చిన ఆఫీసర్లూ.

మధురవాడ:
ఆ శవాల్నీ జరిపారట కదండీ? గెటిస్‌బర్గ్ రాళ్ల మధ్య పడున్న కుర్రాడి ఫొటో?

పాత స్టూడియో:
జరిపారండి. 1863 జులైలో గెటిస్‌బర్గ్‌లోనే డెవిల్స్ డెన్ అనే బండల గుట్ట దగ్గర అలెగ్జాండర్ గార్డ్‌నర్ అనే ఫొటోగ్రాఫర్ బృందం తీసింది. అదే శవం వేరేచోట పడున్న ఫొటోలు కూడా ఉన్నాయి, వాటిని పోల్చే చరిత్రకారులు పట్టుకున్నారు. 1866లో వేసిన ఆల్బంలో గార్డ్‌నర్ ఇంకో కథ కూడా కట్టాడు: నవంబరులో మళ్లీ వెళ్తే ఎముకలూ తుపాకీ అక్కడే ఉన్నాయట! జనం తూటాలు కూడా ఏరుకుపోయిన చోట తుపాకీ నాలుగు నెలలు అలాగే ఉందంటే, ఎవరి చెవిలో పువ్వులు?

అందరూ దాన్నే పట్టుకుని వేలాడతారు గానీ, నన్నడిగితే అదే ఆల్బంలో జాన్ రీకీ అనే ఫొటోగ్రాఫర్ తీసినది చూడాలి. వర్జీనియాలో కోల్డ్ హార్బర్, 1865 ఏప్రిల్. అక్కడ యుద్ధం జరిగింది 1864 జూన్‌లో. అంటే దాదాపు పది నెలల తర్వాత ఎముకలు ఏరుతున్నారు. వెనక నల్లజాతి మనుషులు పారలతో తవ్వుతున్నారు. ముందు స్ట్రెచర్ మీద పుర్రెలు, ఇంకా బూటు తొడుక్కునే ఉన్న ఒక కాలు. దాని పక్కన కూర్చున్నాయన సూటిగా కెమెరాలోకే చూస్తున్నాడు. అన్ని సెకన్లూ తల కదపకపోబట్టే ముఖం అంత తేటగా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమకు శత్రువులైన ఉత్తరాది సిపాయిల శవాలని అలాగే వదిలేశారని గార్డ్‌నర్ ఆల్బంలో మండిపడ్డాడు. ఈ పని చేస్తున్నవాళ్ల పేర్లు మాత్రం వెయ్యలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కృష్ణలంక కుర్రాడు:
దొరికింది సార్. ఫోన్లో అంతా మసకగా ఉంది.

పాత స్టూడియో:
ఫోన్లో చూడకు. టిఫ్ ఫైలు (ఫొటో పెద్ద సైజుది) దింపుకో, డబ్బులేం అడగరు. కంప్యూటర్‌లో పెద్దది చేసి, మూలలనుంచి మొదలుపెట్టి నెమ్మదిగా చూడు.