పిల్లల చారిటీ పాటపై కాపీరైట్ క్లెయిమ్: అప్పీల్‌కి ఏం జత చేయాలి?

సికింద్రాబాద్‌లో 14 మంది పిల్లలతో ఒక పాట రికార్డ్ చేశాం. లోకాన్ని కదిలించిన ధైర్యవంతులైన పిల్లల గురించి. తివాచీ మగ్గం దగ్గర వెట్టి నుంచి తప్పించుకుని, తోటి పిల్లల కోసం పోరాడి 1995లో హత్యకు గురైన ఇక్బాల్ మసీహ్ మీద ఒక చరణం. 17 ఏళ్లకే నోబెల్ శాంతి బహుమతి అందుకున్న మలాలా మీద ఇంకొకటి. ఆఖరిది మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి పూర్ణ మీద. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆమెకి ఇంకా 14 నిండలేదు. పాట మీద వచ్చే ప్రతి రూపాయీ బడి మానేసిన పిల్లల పుస్తకాలకే.

యూట్యూబ్‌లో వీడియో పెట్టిన మూడు గంటలకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, అంటే అందులో ఉన్న సంగీతం మాదేనని వేరేవాళ్లు అన్నారు. 1:48 నుంచి 2:21 వరకు, సరిగ్గా పూర్ణ చరణం కింద వినిపించే గజ్జెలు, డప్పు లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే చిన్న సంగీతపు ముక్క) మీద. అది డబ్బు కట్టి కొన్న లూపే, వాణిజ్య వాడకానికి లైసెన్స్ ఉంది. కాకపోతే నాన్ ఎక్స్‌క్లూజివ్, అంటే అదే లూప్ వేరేవాళ్లూ వాడుకోవచ్చు.

రెండో రోజే లైసెన్స్ పీడీఎఫ్‌లోని వాక్యాలు రాసి, క్లెయిమ్ తప్పని డిస్ప్యూట్ వేశాను. 26వ రోజున క్లెయిమ్ వేసినవాళ్లు దాన్ని తిరస్కరించారు, కారణం చెప్పలేదు. లూప్ అమ్మిన సైట్‌కి రెండు మెయిల్స్ పెట్టాను, జవాబు లేదు. ఆ 33 సెకన్లు మ్యూట్ చేసి చూస్తే పిల్లల గొంతులూ పోతున్నాయి. చరణం మొదట్లో వాళ్లందరూ ఒక్కసారిగా తీసుకునే ఊపిరి కూడా పోతోంది. అది నాకు ప్రాణం.

ఇక మిగిలింది అప్పీలే. అదీ పోతే వీడియో తీసేసి, ఛానెల్ మీద స్ట్రైక్ (కాపీరైట్ తప్పు చేశారన్న హెచ్చరిక) వేస్తారేమోనని టెన్షన్. కొన్న లూప్ మీద వచ్చిన క్లెయిమ్‌ని అప్పీల్‌లో గెలిచినవాళ్లు ఎవరైనా ఉంటే, లైసెన్స్‌తో పాటు ఏ ఆధారం చూపించారో చెప్తారా?