మెథడ్ పేరు పొడుగైనా ఫర్వాలేదా?

హనుమకొండ_జావా:
ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారుకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. మిర్చి తూకంలోంచి తరుగు తీసి, వచ్చిన బరువును డేటాబేస్‌లో సేవ్ చేసే మెథడ్‌కు (ఒక పని చేసే కోడ్ ముక్కకు) ‘గెట్‌నెట్‌వెయిట్’ అని పేరుంది. ‘డిడక్ట్‌తరుగుఅండ్‌సేవ్’ అని మారుద్దామంటున్నాను. అంత పొడుగెందుకు, కోడ్‌లో వివరణగా కామెంట్ రాస్తే సరిపోతుందని టీమ్‌లో కొందరు. మీరేమంటారు?

కాజీపేట_కోడర్:
నేనూ వాళ్లవైపే అన్నా. కోడ్ రాసే ఎడిటర్‌లో పేరు మీద మౌస్ పెడితే కామెంట్ కనిపిస్తుంది కదా. రేపు రైతుకు ఎస్సెమ్మెస్ కూడా పంపమంటారు, అదీ పేరులో చేరుస్తారా?

మడికొండ_బ్యాకెండ్:
తమ్మీ, కోడ్ రివ్యూ, అంటే ఒకరు రాసింది ఇంకొకరు సరిచూడటం, చాలాచోట్ల బ్రౌజర్‌లోనే చేస్తారు. అక్కడ పిలిచిన లైన్‌లో పేరొక్కటే కనిపిస్తుంది. రిపోర్టు స్క్రీన్ రాసే కుర్రాడు ‘గెట్’ అని చూసి, చదవడమే కదా అని మళ్లీ పిలుస్తాడు. క్వింటాలుకు 2 కిలోల తరుగు అనుకుందాం. 100 కిలోలు 98 అవుతాయి, రెండోసారి పిలిస్తే 96.04. టెస్టులో ఒక్కసారే పిలుస్తారు కాబట్టి పాస్ అవుతుంది. దెబ్బ పడేది రైతు పట్టీ మీద. నాకు కోపం వచ్చేది అక్కడే.

కామెంట్ చాలదనడానికి జావా భాషే సాక్ష్యం. స్ట్రింగ్‌లో (అక్షరాల వరుసలో) ‘రీప్లేస్’, ‘రీప్లేస్‌ఆల్’ రెండూ దొరికిన ప్రతిచోటా మారుస్తాయి. తేడా ఏమిటంటే రెండోది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతికే నమూనా) తీసుకుంటుంది, అందులో చుక్క అంటే ఏ అక్షరమైనా. ‘98.50’లో చుక్క తీసేద్దామని ‘రీప్లేస్‌ఆల్’కు ఉత్త చుక్క ఇస్తే అంకెలతో సహా అన్నీ ఖాళీ. థ్రెడ్ క్లాస్‌లో ‘ఇజ్‌ఇంటరప్టెడ్’ ఆపమని అడిగినట్టు చెప్పే ఫ్లాగ్‌ను (గుర్తును) చూసి ఊరుకుంటుంది, ‘ఇంటరప్టెడ్’ చూసి చెరిపేస్తుంది. డాక్యుమెంటేషన్‌లో ఇవన్నీ ఉన్నాయి. అయినా జనం పేరు చూసే వాడతారు.

ఎస్సెమ్మెస్ మాట నిజమే. పేరులో పనులు పట్టడం లేదంటే మెథడ్‌నే విడగొట్టాలి. లెక్క వేసేది వేరు, సేవ్ చేసేది వేరు. అప్పుడు లెక్క వేసేదానికి ‘నెట్‌వెయిట్’ చాలు.

కాజీపేట_కోడర్:
విడగొడతామంటే నాకూ ఓకే. మరి పాత పేరుతో పిలుస్తున్న కోడ్ సంగతి?

మడికొండ_బ్యాకెండ్:
పాతది వెంటనే తీసేయొద్దు. ‘డెప్రికేటెడ్’ (ఇక వాడొద్దు) అని గుర్తు పెట్టి, లోపల కొత్త రెండింటినీ పిలిపించండి. కంపైల్ చేసినప్పుడల్లా వార్నింగ్ వస్తుంది, ఒక్కో చోటా మార్చుకుంటూ పోవచ్చు. అయితే అది తరుగు రెండుసార్లు తీయకుండా ముందు ఒక చెక్ పెట్టండి, ఈరోజే.

హనుమకొండ_జావా:
చెక్ ఇప్పుడే పెడుతున్నా. పేర్లు మాత్రం మిర్చి సీజన్ అయ్యాకే, యార్డు నిండా సరుకున్నప్పుడు బిల్లింగ్‌ను కదపనివ్వరు.