వరద తర్వాత డయాటమ్‌ల లెక్కలో తేడా కనబడటం లేదు
నదిలో మురుగు కాలువ కలిసే చోటుకి ఎగువన, దిగువన రాళ్ల మీది గోధుమరంగు జిగురు పొరను టూత్‌బ్రష్‌తో గీకి డయాటమ్‌లు (గాజులాంటి సిలికా కవచం ఉండే సూక్ష్మ శైవలాలు; నీటి నాణ్యతను బట్టి వీటి జాతులు మారతాయి) లెక్కిస్తున్నాను. నీటి వాహకత (కరిగిన లవణాలు ఎంతో చూపేది) ఎగువన 310, దిగువన 640 మైక్రోసీమెన్స్/సెం.మీ. ఫాస్ఫేట్ కూడా దిగువనే ఎక్కువ. అయినా రెండు చోట్లా 70 శాతం దాకా అక్నాంథీడియం మినుటిస్సిమం అనే డయాటమ్ జాతే. దిగువన మురుగును తట్టుకునే నిట్షియా పేలియా దండిగా ఉంటుందనుకున్నా, 400 కవచాల్లో పదకొండే దొరికాయి!

స్లైడ్ తప్పేమోనని హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మళ్లీ శుభ్రం చేసి లెక్కపెట్టాను. రాళ్లు మార్చాను, రెండు చోట్లా ఒకే లోతులో, ఎండ పడేచోటే తీశాను. అదే ఫలితం. ఒక్కటే అనుమానం: శాంపిల్‌కి 12 రోజుల ముందు పెద్ద వరద వచ్చి రాళ్లన్నీ కడిగేసింది. ఖాళీ రాయి మీద ముందుగా చేరేది ఈ అక్నాంథీడియమే కదా.

వరద తగ్గాక ఎన్ని వారాలు ఆగి తీస్తే నీటి నాణ్యత తేడా బయటపడుతుంది?