గర్భసంచి ముఖద్వారం తెరుచుకోకుండా వేసే కుట్టు ముందా, కల్చర్ (క్రిములున్నాయేమో చూసే పరీక్ష) రిపోర్టు ముందా? గుంటూరు, విజయవాడ వాళ్లు చెప్పండి

మా వదినకి 13వ వారం. ఇంతకుముందు రెండుసార్లూ అయిదో నెలలో, నొప్పుల్లేకుండానే గర్భసంచి ముఖద్వారం తెరుచుకుని కడుపు పోయింది. రెండోసారి జ్వరం, వాసనతో తెల్లబట్ట కూడా.

చిక్కంతా ఇక్కడే. ముఖద్వారం బలహీనమైతే క్రిములు పైకి పాకుతాయి; ఇన్ఫెక్షన్ ముందొచ్చినా అదే ముఖద్వారాన్ని మెత్తబరిచి తెరిపిస్తుంది. లోపల ఇన్ఫెక్షన్ ఉండగా కుట్టు వేస్తే తల్లికే ప్రమాదం. అలాగని ఆగుదామంటే, ముందుజాగ్రత్తగా వేసే కుట్టుకి అనువైన సమయం సాధారణంగా 12–14 వారాలు. యూరిన్ కల్చర్, యోని స్వాబ్ ఇచ్చాం. జ్వరం, తెల్లబట్ట ఇప్పుడేమీ లేవు. రిపోర్టు వచ్చేదాకా ఆగమన్నారా మీ డాక్టర్లు?

ఇంకోటి: గుంటూరులో యోని ద్వారా స్కాన్ చేసి ముఖద్వారం పొడవు మిల్లీమీటర్లలో రాసిచ్చే సెంటర్ ఏది? పొట్ట మీద స్కాన్ నమ్మలేం, మూత్రసంచి నిండుగా ఉంటే పొడవు ఎక్కువగా కనిపిస్తుంది. 24 వారాల్లోపు 25 మిల్లీమీటర్లకి తగ్గితే వెంటనే తెలియాలి.