టీబీ తగ్గింది, మళ్లీ రాతి దుమ్ములోకి పంపాలా?

మాది చీమకుర్తి దగ్గర పల్లె. మా ఆయన గ్రానైట్ ఫ్యాక్టరీలో 11 ఏళ్లు కటింగ్, పాలిషింగ్ పని చేశారు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిద పూసినట్టు దుమ్ము. చొక్కా దులపకుండా లోపలికి రానిచ్చేదాన్ని కాదు. పోయినేడు టీబీ అన్నారు. 6 నెలలు మందులు వాడారు, కళ్లె పరీక్షలో ఇప్పుడు ఏమీ లేదు. ఓనరు రోజూ ఫోన్ చేస్తున్నాడు, ఎప్పుడొస్తావని.

కానీ బిందె ఎత్తి నాలుగడుగులు వేస్తే ఆయాసం. రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుందని, అది ఉన్నవాళ్లకు టీబీ తొందరగా పట్టుకుంటుందని, దానికి నయం చేసే మందు లేదని చదివాక నాకు ఒకటే టెన్షన్. డాక్టరు గారేమో 'పనికి పోవచ్చు' అని రాసిచ్చారు. ఏం పని అని మాత్రం అడగలేదు!

ఈఎస్ఐ కింద 91 రోజులు 70 శాతం జీతం వచ్చింది. టీబీకి ఇంకా ఎక్కువ రోజులు, 80 శాతం ఇస్తారని మాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు అడగొచ్చా?

ఎక్స్‌రే కాకుండా ఊదించే పరీక్ష కూడా చేయించాలా? ఒంగోలులో ఈ దుమ్ము జబ్బుల గురించి తెలిసిన ఛాతీ డాక్టరు ఉన్నారా? నీళ్లు పోస్తూ కోసే మెషిన్ దగ్గరైతే పర్వాలేదంటారా, లేక లోడింగ్ లెక్కలు రాసే పని అడగమంటారా? జీతం సగమే అది. ఇలా జబ్బు నుంచి లేచి మళ్లీ క్వారీకో ఫ్యాక్టరీకో వెళ్లినవాళ్లు మీ ఇళ్లలో ఉంటే, ఓనరుతో ఎలా మాట్లాడారో చెప్పండి. సోమవారం రమ్మన్నాడు.