‘అగ్నినిరోధకం’ సరైన మాటేనా?

తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న మా చెల్లెలు తెలుగులో ఒక వ్యాసం రాసి నన్ను చూడమంది. సముద్రపు చేపల్లో ఫ్లేమ్ రిటార్డెంట్లు ఎంత చేరాయో ఎలా కొలుస్తారన్నది విషయం. ఫ్లేమ్ రిటార్డెంట్‌కు ‘అగ్నినిరోధకం’ అని వాడింది. నాకు అక్కడే అనుమానం పట్టుకుంది.

నిరోధించడమంటే రానివ్వకపోవడం. టీవీ ప్లాస్టిక్‌లో, సోఫా ఫోమ్‌లో కలిపే ఈ రసాయనాలు మంటను రానివ్వకుండా చేయలేవు. అంటుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి, పాకే వేగం తగ్గిస్తాయి. ఆలోపు మనుషులు బయటపడాలి. అందుకే ‘జ్వాలామందకం’ మేలనిపిస్తోంది. ఆకలి మందగిస్తే అగ్నిమాంద్యం అంటాం గదా, ఆ వరసలోదే.

వ్యాసంలో ఇంకో మాట ‘లిపిడ్ భారం’. లిపిడ్ అంటే కొవ్వు. ఈ రసాయనాల్లో పీబీడీఈలనేవి నీళ్లలో దాదాపు కరగవు, కొవ్వులో చేరి కూర్చుంటాయి. కవళ్లలో కొవ్వెక్కువ, సొర కండలో తక్కువ. చేప బరువును బట్టి చెప్తే ఆ రెంటినీ పోల్చడం కష్టం. అందుకని కొవ్వును విడిగా తీసి తూచి, గ్రాము కొవ్వుకు ఎన్ని నానోగ్రాములో చెప్తారు. దీన్ని ‘కొవ్వు లెక్కన’ అంటే చాలదా? తినేవాళ్లకు కావలసింది మాత్రం ‘పచ్చి చేప లెక్కన’, అంటే గ్రాము చేపకు ఎంతని. వ్యాసంలో రెండూ ఉండాలని నా పట్టు.

ఇది చదివినవాళ్ల వ్యాఖ్యలు, నా జవాబులు:

— అక్కా, జ్వాలామందకం బాగుంది. కానీ మా అమ్మకు చదివి వినిపిస్తే, ‘మంటకు వేసే మందా?’ అని అడిగింది.

— మంచి ప్రశ్న తమ్ముడూ. మొదటిసారి ‘మంటను నెమ్మదింపజేసే రసాయనం’ అని విడమరిచి, ఆ తర్వాత జ్వాలామందకం అని రాయమంటాను.

— నేను ల్యాబ్‌లో పనిచేస్తానండీ. చేప ముక్క లేకుండా పరీక్ష మొత్తం ఒకసారి నడుపుతాం, దాన్ని బ్లాంక్ అంటాం. గదిలోని దుమ్ములోనూ ఇవే రసాయనాలుంటాయి. కంప్యూటర్ల నుంచి, ఫర్నిచర్ నుంచి రాలినవి. బ్లాంక్ చూడకుంటే దుమ్ములోది కూడా చేప ఖాతాలో పడుతుంది. పీబీడీఈల్లో ఒకటైన డెకా-బీడీఈకి వెలుతురు తగిలినా విరిగిపోతుంది, గోధుమరంగు గాజు సీసాలు వాడాలి. మరి బ్లాంక్‌కు తెలుగేమిటి?

— ‘ఉత్త నమూనా’ అనొచ్చండీ. ఉత్త చేతులతో వచ్చాడంటాం చూడండి, అదే ఉత్త. శూన్య నమూనా కంటే ఇదే నాకు నచ్చింది.

— 2009లో కొన్ని పీబీడీఈలు, 2017లో డెకా-బీడీఈ ఇలాంటి రసాయనాలను ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకెక్కాయి గదక్కా, ఇంకా కొలవడమెందుకు?

— వెలుతురు తగలని చోట తొందరగా విరగవు తమ్ముడూ. పాత సామానులోంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. వ్యాసంలో ‘స్థిర కాలుష్యకాలు’ అని ఉంది, ‘మొండి కాలుష్యాలు’ అని మార్చమన్నాను.