లైవ్ షో రికార్డింగ్: మిక్సర్ సౌండ్‌లో గొంతు తప్ప ఏమీ వినబడటం లేదు, సింక్ కూడా జారుతోంది

మద్దిలపాలెం_మీడియా:
అందరికీ నమస్తే. వైజాగ్‌లో మాస్ కమ్యూనికేషన్ పీజీ చేస్తున్నాం. ప్రాజెక్టు కోసం ఒక కాలేజీ బ్యాండ్ గంటన్నర ప్రోగ్రాం తీయాలి. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఆరుబయట స్టేజి, సాయంత్రం 6:30కి మొదలు. గాత్రం, వయొలిన్, మృదంగం, కీబోర్డు, బాస్, డ్రమ్స్. మా దగ్గర రెండు మిర్రర్‌లెస్ కెమెరాలు, ఒక ఫోను, నాలుగు ఇన్‌పుట్ల రికార్డర్ ఉన్నాయి.
రిహార్సల్‌లో మిక్సర్ నుంచి స్టీరియో తీస్తే గొంతు నెత్తిమీదికొచ్చింది, డ్రమ్స్ దాదాపు లేవు. కెమెరా సౌండ్‌లో డ్రమ్స్ తప్ప ఇంకేం లేదు. పైగా 40 నిమిషాలు దాటేసరికి పెదాలకీ పాటకీ పొంతన లేదు. ఎక్కడ తప్పుతున్నాం?

తీగలపెట్టె:
మిక్సర్‌లో తప్పేం లేదు గురూ. ఆపరేటర్ మిక్స్ చేసేది ఎదురుగా కూర్చున్న జనం కోసం. డ్రమ్స్ స్టేజి మీద నుంచే గట్టిగా వినబడుతుంటే వాటిని స్పీకర్లలోకి ఎందుకు పంపుతాడు? గొంతుకి సాయం కావాలి కాబట్టి దాన్నే పెంచుతాడు. బయట ఆ రెండూ కలిసి సరిపోతాయి. మీ కేబుల్లోకి మాత్రం స్పీకర్లకి వెళ్ళేదే వస్తుంది.

కాబట్టి మెయిన్ అవుట్ అడగొద్దు. రికార్డర్ 1, 2 ఇన్‌పుట్లకి రెండు ఆక్స్ అవుట్‌లు (మెయిన్‌తో సంబంధం లేని వేరే మిక్స్ పంపే దారులు), ప్రీ-ఫేడర్‌లో (ఫేడర్ అనే వాల్యూమ్ మీటకి ముందు నుంచే) అడగండి. స్టీరియో మోజు వదిలెయ్యండి. ఒకదాంట్లో గాత్రం, వయొలిన్, కీబోర్డు. రెండోదాంట్లో మృదంగం, బాస్, డ్రమ్స్. అప్పుడు తాళం ఎంత, పాట ఎంత అన్నది ఎడిటింగ్‌లో మీ చేతిలో ఉంటుంది. ప్రీ-ఫేడర్ ఎందుకంటే, మధ్యలో ఆపరేటర్ ఫేడర్ ఎత్తినా దించినా మీ ట్రాక్ కదలదు.

ఒక షరతు: మైకు లేని వాయిద్యం ఆక్స్‌లోకి రాదు. స్పీకర్లలోకి పంపినా పంపకపోయినా కిక్‌కి (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఒక మైకు, డ్రమ్స్ నెత్తిన ఒక ఓవర్‌హెడ్ మైకు ఉండాల్సిందే. మృదంగానికి రెండు వైపులా రెండు మైకులు. ఒక్కటే ఉంటే కుడివైపు చాపు దెబ్బ బాగా పడుతుంది, ఎడమవైపు గుమికి (గుమ్మనే లోతు నాదం) ఎక్కడికో పోతుంది. ఆ ఛానెల్‌లో లో-కట్ (లోతు శబ్దాల్ని కోసేసే ఫిల్టర్) 80 హెర్ట్జ్‌కి పెట్టి వదిలేస్తే ఉన్న గుమికి కూడా చిక్కిపోతుంది. 40కి దించండి, లేదా తీసెయ్యండి.

రికార్డర్ 3, 4 ఇన్‌పుట్లకి జనం సందడి కోసం రెండు కార్డియాయిడ్ (ముందు నుంచి వచ్చేదే ఎక్కువగా పట్టే) మైకులు. వాటిని జనం వెనకాల కాకుండా స్టేజి ముందు రెండు మూలల్లో, వీపు స్పీకర్ల వైపు, ముఖం జనం వైపు పెట్టండి. ఎండాకాలం గాలిలో శబ్దం మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. 20 మీటర్ల వెనక మైకు పెడితే 58 మిల్లీసెకన్ల ఆలస్యం, అంటే 25 ఫ్రేముల వీడియోలో ఒకటిన్నర ఫ్రేము. మిక్సర్ ట్రాక్‌తో కలిపితే ప్రతి దెబ్బా రెండుసార్లు కొట్టినట్టుంటుంది.

డిజిటల్ మిక్సర్ అయితే యూఎస్‌బీ ఉందా అని ముందే అడగండి. బెరింగర్ ఎక్స్‌ఆర్18 లాంటిదైతే 18 ఛానెళ్ళూ ల్యాప్‌టాప్‌లోకి విడివిడిగా వస్తాయి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో గంటకి 9.3 జీబీ. అదొక్కటే నమ్ముకోకండి, రికార్డర్ కూడా నడుస్తూ ఉండాలి.

ఎడిట్‌_టేబుల్:
సింక్ సంగతి. ముందు రోగం ఏదో తేల్చండి. తేడా మెల్లమెల్లగా ఒకే దిక్కుకి పెరుగుతుంటే గడియారాల తేడా. ఏ రెండు పరికరాల లోపలి గడియారాన్ని నడిపే క్రిస్టలూ ఒకేలా నడవవు. పది లక్షలకి 20 వంతుల తేడా ఉన్నా గంటకి 72 మిల్లీసెకన్లు, సుమారు రెండు ఫ్రేములు జారుతుంది. అలా కాకుండా కాసేపు ముందుకి, కాసేపు వెనక్కి గెంతుతుంటే ఫోన్ పని. వెలుతురు తగ్గగానే ఫోన్ ఫ్రేముల సంఖ్య తనంతట తనే మార్చేస్తుంది.

ఫోన్‌లో మాన్యువల్ కెమెరా యాప్, 25 ఫ్రేములు లాక్, ఏరోప్లేన్ మోడ్. ఇప్పటికే తీసిన ఫైలుని హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి (ఫ్రేముల సంఖ్య మారకుండా) మార్చాకే టైమ్‌లైన్ మీద వెయ్యండి.

గడియారాల తేడాకి ఆడియో సాగదీయక్కర్లేదు. పాటకీ పాటకీ మధ్య చప్పట్ల దగ్గర కట్ చేసి, ఒక్కో పాటనీ వేవ్‌ఫామ్‌తో (సౌండ్ ఎగుడుదిగుడులు చూపించే గీతతో) మళ్ళీ సింక్ చెయ్యండి. ఆరేడు నిమిషాల పాటలో జారేది కంటికి ఆనదు. దీనికోసం మూడు కెమెరాల్లోనూ సొంత మైకు ఆన్‌లో ఉండాలి. చెత్త సౌండే అయినా వేవ్‌ఫామ్‌కి అదే ఆధారం.

అన్నిట్లో 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు లైట్లు మిణకవు. స్టేజి ఎల్‌ఈడీలు చారలు చూపిస్తే 1/100 ప్రయత్నించండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, 4500 కెల్విన్ దగ్గర లాక్ చెయ్యండి. నీలం, గులాబీ లైట్లు పడినప్పుడు ముఖాలు అట్టముక్కల్లా అయిపోతాయి. కెమెరా మీటర్ వెలుతురు సరిగ్గా ఉందన్నా నమ్మక, ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించండి. ఒక కెమెరా మృదంగం కుడిచెయ్యి కనబడే పక్కన పెట్టండి. తని ఆవర్తనంలో (మృదంగం ఒక్కటే వాయించే భాగం) వైడ్ షాట్ చూపిస్తే జనం స్క్రోల్ చేసేస్తారు.

50 ఎంబీపీఎస్‌లో గంటకి 22.5 జీబీ. గంటన్నరకి 64 జీబీ కార్డు చాలు. 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోయే కెమెరా అయితే, రెండూ ఒకేసారి ఆగకుండా ఒకదాన్ని పది నిమిషాలు ముందే మొదలెట్టండి.

మద్దిలపాలెం_మీడియా:
చాలా థ్యాంక్స్ అన్నా. ఒకటి మర్చిపోయాను. మిక్సర్ కేబుల్ పెడితే రికార్డర్‌లో సౌండ్ బరబరమంటోంది. గెయిన్ సున్నాకి దించినా అంతే.

తీగలపెట్టె:
లైన్ లెవెల్ తెచ్చి మైక్ ఇన్‌పుట్‌లో పెట్టారు. మిక్సర్ ఇచ్చేది +4 డీబీయూ, మైకు ఇచ్చేది అంతకన్నా 40 నుంచి 60 డీబీ తక్కువ. ఇన్‌పుట్‌ని లైన్‌కి మార్చండి. ఆ సెట్టింగ్ లేకపోతే మధ్యలో 20 డీబీ ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే ముక్క) పెట్టి, ఆపరేటర్‌ని ఆక్స్ కూడా తగ్గించమనండి. 1, 2లకి ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండా మైకుకి పంపే కరెంటు) ఆఫ్ అయ్యిందో లేదో చూసుకోండి. సౌండ్‌చెక్‌లో పీక్‌లు మైనస్ 18 డీబీ దగ్గరే ఆపండి. జనం వచ్చాక అందరూ ఇంకాస్త గట్టిగా వాయిస్తారు, అప్పుడు మైనస్ 12 దాకా వెళ్ళినా చోటుంటుంది.

బరబర కాకుండా సన్నగా గుయ్‌మంటుంటే గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌లు కేబుల్ గుండా చుట్టుకోవడం. రికార్డర్‌ని బ్యాటరీ మీద నడపండి. అప్పటికీ పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ మధ్యలో పెట్టి, దాని గ్రౌండ్ లిఫ్ట్ (కేబుల్లో ఎర్త్ కలయిక తెంపే) బటన్ నొక్కండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేసే తెలివి మాత్రం వద్దు, మైకు పట్టుకున్నవాడికి షాక్ కొడుతుంది.

ఉప్పుగాలి:
బీచ్ దగ్గరంటే గాలి సంగతి ఎవరూ అనలేదేంటి? సాయంత్రం సముద్రం మీంచి వచ్చే గాలికి స్పాంజి తొడుగు ఆనదు, బొచ్చు తొడుగు కావాలి. ఏసీ గదిలోంచి కెమెరా తెస్తే బ్యాగు జిప్ తియ్యకుండా అరగంట బయట ఉంచండి, లేకపోతే లెన్స్ మీద ఆవిరి పట్టి మొదటి పాట పోతుంది. ఇంటికెళ్ళాక ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు కేబుల్) కనెక్టర్లు పొడిగుడ్డతో తుడవండి, ఉప్పు పట్టిన పిన్నులు మరుసటి నెలకే కరకరమంటాయి.

లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి తీసుకున్నారో లేదో నిర్వాహకుల్ని అడగండి. ఆరుబయట రాత్రి 10 తర్వాత కుదరదు. 6:30 అని వేసి 8:30కి మొదలెట్టడం మన ఆచారం కాబట్టి చివరి పాటకి కెమెరాలు సర్దుకునే టైమ్ కూడా లెక్కేసుకోండి. డ్రోన్ షాట్ ఆలోచన ఉంటే ముందే, ఎక్కడ ఎగరెయ్యొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి, తూర్పు నౌకాదళం ఉన్న ఊరు ఇది. యూట్యూబ్‌లో పెడితే మీరే వాయించిన సినిమా పాటకి కూడా కంటెంట్ ఐడీ (యూట్యూబ్ కాపీరైట్ పసిగట్టే పద్ధతి) క్లెయిమ్ పడొచ్చు; బాణీ హక్కులు సినిమావాళ్ళవి కదా. ప్రాజెక్టు కాపీ వేరే డ్రైవ్‌లో ఉంచి, అప్‌లోడ్‌కి పాటకొక ఫైలు చెయ్యండి, ఒకదాని మీద క్లెయిమ్ పడినా మిగతావాటికి అంటదు.